కీటో నుంచి నైరోబీకి ఎంత దూరం

పోయిన వారం భూపాలపల్లిలో మూడు రోజులు ముసురు విడవలేదు. నేల పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో ముసురు పట్టిందంటే మా సర్వే మనుషులకు చేతులు కట్టుకుని కూర్చోవడమే పని. డ్రోన్ లేవదు, జీపు చక్రాలు నల్లబురదలో దిగబడతాయి, ఎంత తవ్వారని పైవాళ్ళు ఫోన్ చేస్తే ఎన్ని నీళ్ళు నిండాయో చెప్పాల్సి వస్తుంది. ఆ మధ్యాహ్నం ఆఫీసు గదిలో మా వాళ్ళు నలుగురు చాయ్ గ్లాసులు పట్టుకుని, ప్రపంచంలో మధ్యలో ఎక్కడా దిగకుండా అన్నిటికన్నా దూరం పోయే విమానం ఎక్కడి నుంచి ఎక్కడికని వాదులాటకు దిగారు. కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ తీసి దానికి రెండు ఊర్ల పేర్లు చెప్పింది. చాయ్ మీద మీగడ కట్టేలోపే ఫోన్ కిలోమీటర్లతో సహా జవాబు చెప్పేసింది, వాదులాట చల్లబడింది, అందరూ నవ్వుకున్నారు. నేను మాత్రం ఆ నవ్వులో కలవలేక, ఏదో పని ఉన్నట్టు లేచి వరండాలోకి పోయి వాన చూస్తూ నిలబడ్డాను. రెండు దూరపు విమానాశ్రయాల మధ్య దూరం లెక్కగట్టడం ఒకప్పుడు నాకు తెలిసిన విద్య. ఆ విద్యను నేను ఒక మనిషికి తప్పుగా నేర్పాను, దాని వల్ల అతని బతుకు తోవ మారిపోయింది, ఆ సంగతి తెలిసి కూడా నేను తొమ్మిదేళ్ళ దాకా నోరు విప్పలేదు.

నాకు ఏ విషయమైనా వరుసగా రాసుకుంటే తప్ప మనసు కుదుటపడదు. మా బాపు పొలం పనికి పిలిస్తే కూడా తీసుకుపోవాల్సిన వస్తువులు ఒకటి, రెండు, మూడు అని కాగితం మీద రాసుకునే పోరణ్ణి నేను. అందుకే దీన్ని కూడా వరుసలోనే చెబుతాను. నాతోపాటు ఆ కాలంలో పాలిటెక్నిక్ చదివి, తర్వాత ఏం చెయ్యాలో తెలియక కిరాయి గదుల్లో మూడు నాలుగేళ్ళు గడిపిన వాళ్ళకు ఇందులో సగం తమ కథలాగే కనిపించవచ్చు.

మాది రఘునాథపల్లి దగ్గర ఊరు. నా దోస్తుది గార్ల దగ్గర తండా. ఇద్దరం సివిల్ డిప్లొమాలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం, ఒకే థియోడలైట్‌కు కన్ను పెట్టి కోణాలు చదివాం, చదువు అయిపోయాక జనగామలో ఒకే గదిలో దిగాం. జనగామే ఎందుకంటే అది మా ఇద్దరి ఇండ్లకూ ఒకే రైలు పట్టాల మీద ఉంది. పొద్దున ప్యాసింజర్ ఎక్కితే నేను దగ్గరలోనే దిగి, వాడు అదే బండిలో ఇంకా ముందుకు పోయి రెండు రోజుల్లో బియ్యం, పచ్చడి తెచ్చుకోవచ్చు. గది ఒక పెంకుటింటి వెనక భాగంలో ఉండేది. ముందు భాగంలో ఇంటి అవ్వ ఒక్కతే ఉండేది, మా తలుపు ఎప్పుడు తెరిచామో, ఎప్పుడు మూశామో, అన్నం ఉడికిందో మాడిందో అన్నీ ఆమెకు తెలిసేవి. తండాలో వాళ్ళింట్లో లంబాడీ మాట్లాడతారు. వాడు మాతో మాట్లాడే తెలుగు మా కన్నా ముద్దుగా, ఒక్కో మాట తూచినట్టుగా ఉండేది. లెక్కల్లో వాడి చురుకు నాకు లేదు. నాకున్నది ఓపిక. వాడు జవాబు ముందే చెప్పి దారి తర్వాత వెతికేవాడు, నేను దారంతా రాసిగానీ జవాబు దగ్గరికి పోయేవాణ్ణి కాదు.

జనగామ గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన పాత అట్లాస్ ఒకటి ఉండేది. ఉద్యోగ ప్రకటనల కోసం పేపర్లు చూడ్డానికి పోయి, చూడ్డం అయిపోయాక కరెంటు ఫ్యాన్ కింద కాసేపు కూర్చోవడానికి వంకగా ఆ అట్లాస్ తెరిచేవాళ్ళం. దాని వెనక పేజీల్లో ప్రపంచంలోని ఊర్లన్నీ అక్షరాల వరుసలో, ఒక్కో ఊరి పక్కన దాని అక్షాంశం, రేఖాంశం చిన్న అంకెల్లో ఉండేవి. మా సర్వే పుస్తకంలోనే ఒక మూల, భూమి గుండ్రం కాబట్టి రెండు ఊర్ల మధ్య విమానం పోయే దగ్గరి దారి బల్ల మీద గీసిన గీతలా ఉండదని, సైన్లు కొసైన్లతో దాన్ని లెక్కగట్టవచ్చని ఒక సూత్రం ఉంది. ఆ సూత్రాన్నీ ఈ అంకెలనూ కలిపి మేం ఒక ఆట తయారు చేసుకున్నాం. ఒకడు కళ్ళు మూసుకుని పేజీ మీద వేలు పెట్టేవాడు, ఇంకొకడు ఇంకో పేజీ మీద. ఆ రెండు ఊర్ల మధ్య విమాన దూరం ఎవరు ముందు చెబితే వాళ్ళు ఆ పూట వంట చెయ్యనక్కర్లేదు. మేం విమానం ఎక్కింది లేదు. హైదరాబాద్ విమానాశ్రయం గేటు కూడా చూసింది లేదు. అయినా జనగామ పెంకుటింట్లో కూర్చుని లీమా నుంచి మనీలాకు, పెర్త్ నుంచి ఓస్లోకు దారులు వేశాం. గ్రంథాలయంలోని గ్లోబు మీద దారం పెట్టి సరిచూస్తే మా లెక్క ప్రతిసారీ సరిపోయేది. దారానికి పాతిక ముప్పై మైళ్ళ తేడా కనపడదని మాకు అప్పుడు తోచలేదు.

ఇంటి అవ్వకు ఈ ఆట ఎంతకూ అర్థం కాలేదు. "ఏం లెక్కలురా గవి పొద్దు మాపు?" అని అడిగితే నా దోస్తు ఓపికగా, విమానం ఈ ఊరి నుంచి ఆ ఊరికి ఎంత దూరం పోతుందో చూస్తున్నామని చెప్పాడు.

"అది నడిపేటోనికి తెల్వదా ఏంది?"

"తెలుస్తదవ్వా. గని ఆనికి ఎవరో ఒకలు చెప్పాలె గద, ఎంత నూనె పొయ్యాల్నో."

"మంచిగున్నది. ఇమానంల నూనె సంగతి మీరు చూడుండ్రి, ఇంట్ల మంచినూనె ఒడిసి మూడొద్దులాయె. పచ్చిపులుసు తాగి ఎటు ఎగురుతరు?"

ఆమె వెటకారానికి అలా అన్నా, నిజంగానే అలాంటి ఉద్యోగం ఒకటి ఉందని మాకు ఆ ఎండాకాలంలో తెలిసింది. ఒక ప్రైవేటు విమాన సంస్థ, విమానాల దారులూ ఇంధనమూ లెక్కగట్టే విభాగంలో శిక్షణ కోసం డిప్లొమా వాళ్ళను తీసుకుంటామని పేపర్లో వేసింది. ఇద్దరం దరఖాస్తు పెట్టాం, ఇద్దరం హైదరాబాద్ పోయి రాతపరీక్ష రాశాం. నెల తర్వాత ఇంటర్వ్యూ ఉత్తరం వాడికొక్కడికే వచ్చింది. నాకు ఈర్ష్య లేదని ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటూ వస్తున్నాను, బహుశా నిజమే కావచ్చు. కానీ ఏ కాగితాన్నయినా మూడుసార్లు సరిచూస్తే గానీ పక్కన పెట్టని నేను, ఆ తర్వాత వాడి కోసం తయారు చేసిన కాగితాన్ని ఒక్కసారి కూడా ఎందుకు సరిచూడలేదో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ కాగితం సంగతి ఇది. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో తెలియదు కాబట్టి, మన ఆటనే పెద్దది చేద్దామని నేనే అన్నాను. అట్లాస్ నుంచి కీటో, నైరోబీ లాంటి వంద ఊర్లను ఏరి, ఊరి పేరు, అక్షాంశం, రేఖాంశం మూడు గళ్ళలో, స్కేలు పెట్టి గీతలు గీసి రాశాను. ఆ వందా నోటికి వస్తే, కాగితం చూడకుండా ఏ రెండింటి మధ్య దూరమైనా చెప్పగలిగితే, ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్ళు నోరెళ్ళబెడతారని మా ఆలోచన. వాడు రెండు నెలలు ఆ కాగితాన్ని మంత్రంలా చదివాడు. బావి దగ్గర బట్టలు పిండుతూ చదివాడు, ప్యాసింజర్‌లో మహబూబాబాద్ దాకా నిలబడి పోతూ చదివాడు. తండాకు పోతే తొమ్మిదో తరగతి చదివే వాళ్ళ చెల్లె కాగితం పట్టుకుని ఊరి పేరు అడిగేది, వాడు అంకెలు చెప్పేవాడు. వాళ్ళ యాడికి, అంటే వాళ్ళ అమ్మకు, తన కొడుకు ఏవో దేవుళ్ళ పేర్లు చదువుతున్నాడని నమ్మకం. వాడు ఏనాడూ ఆ కాగితాన్ని తీసుకుపోయి అట్లాస్‌తో పోల్చి చూడలేదు. నేను రాశానంటే వాడికి చాలు.

ఇంటర్వ్యూకు నా ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాడు. మరునాడు మధ్యాహ్నం రైలు దిగి గదికి వచ్చి, చెప్పులు విప్పకుండానే గడప మీద కూర్చున్నాడు. ఇంటి అవ్వ కూడా చేట పక్కన పెట్టి వచ్చి నిలబడింది.

"ఏమైందిరా?" అన్నాను.

"నవ్విండ్రు."

"ఎవలు?"

"ముగ్గురు కూసున్నరు. నడిమిట్ల సారు, నీకు తెలిసిన రెండు దూరం ఊర్లు నువ్వే చెప్పి లెక్క చేసి చూపియ్యి అన్నడు. కీటో నుంచి నైరోబీకి చేస్త సార్ అన్న. అంకెలన్నీ నోటికి చెప్పిన. మల్లొక్కసారి చెప్పు అన్నడు. చెప్పిన. ఆయన పక్కనోని మొఖం చూసిండు, ఇద్దరు నవ్విండ్రు. ఏ ఊరు మీది అన్నరు. గార్ల కాడ తండా సార్ అన్న. సరే, ఇగ పో అన్నరు." అప్పుడు చెప్పులు విప్పుతూ, "మన మాటకు నవ్విండ్రురా," అన్నాడు.

ఇంటి అవ్వ ఒంటికాలి మీద లేచింది. "వాళ్ళ నోట్ల మన్నువడ! మనం మాట్లాడితె వాళ్ళకెందుకురా గంత ఇకఇకలు? సినిమాలల్ల నవ్వింది సాల్లేదా?" అని ఆ కనపడని ముగ్గురినీ ఏడు తరాల దాకా తిట్టింది. నేను కూడా తిట్టాను. ఆ రోజుల్లో ఆ మాట నమ్మడానికి మాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. కాలేజీలో మేం నోరు తెరిస్తే వెనక బెంచీల్లో నవ్వినవాళ్ళు ఉన్నారు, హైదరాబాద్ ఆఫీసుల్లో మా మాటను మళ్ళీ చెప్పించుకుని నవ్వినవాళ్ళు ఉన్నారు, తండా పేరు చెప్పగానే ముఖం మారినవాళ్ళు ఇంకా ఎక్కువ. వాడి మనసులో ఆ నవ్వు ఒక మేకులా దిగింది. పది రోజులు గదిలోనే ఉండి, ఒకనాడు బట్టలు, క్యాలిక్యులేటర్ సంచిలో వేసుకుని గార్ల పోయాడు. మళ్ళీ ఏ ప్రకటనకూ దరఖాస్తు పెట్టలేదు. ట్రాక్టర్ నడపడం నేర్చుకున్నాడు, మిరప తోట కౌలుకు చేశాడు. క్యాలిక్యులేటర్‌ను గార్ల చెరువులో పారేశానని ఫోన్‌లో నవ్వుతూ చెప్పాడు. నవ్వు వాడిది కాదనిపించింది.

నాకు భూపాలపల్లి గనిలో సర్వే కాంట్రాక్టు పని దొరికింది. అక్కడ చేరిన మూడో ఏడు, ఇలాంటి ముసురు రోజునే, పనేమీ లేక, ఆఫీసు కంప్యూటర్లో నా పాత కాగితాలన్నీ ఒక్కొక్కటిగా ఎక్కించి భద్రం చేసుకుంటున్నాను. వంద ఊర్ల ముసాయిదా ప్రతి కూడా అందులో ఉంది. ఎక్కించాక, అలవాటు కొద్దీ, అంకెలను చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరుసలో పెట్టి చూశాను. అప్పుడు కనపడింది. కీటో రేఖాంశం 78.30, నైరోబీది 36.49, ఇలా రెండు వందల అంకెల్లో ఒక్కదానికైనా చుక్క తర్వాత అరవై గానీ అంతకు మించి గానీ లేదు. యాభై తొమ్మిది దగ్గర అన్నీ ఆగిపోయాయి.

లెక్కలతో సంబంధం లేని వాళ్ళ కోసం చెబుతాను. రైల్వే టైంటేబుల్‌లో 6.30 అని ఉంటే అది ఆరున్నర గంటలని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆరు మీద పదింట మూడు వంతులని ఎవరూ అనుకోరు. అట్లాస్ వేసినవాళ్ళు కూడా అలాగే, డిగ్రీలు రాసి, చుక్క పెట్టి, నిమిషాలు రాశారు. డిగ్రీకి అరవై నిమిషాలు. ఆ సంగతి ఆ పేజీల మొదట్లో చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, నేను చూడలేదు. 78.30 అంటే డెబ్బై ఎనిమిదిన్నర డిగ్రీలు. నేను దాన్ని దశాంశం అనుకుని అలాగే సూత్రంలో వేశాను, వేయమని వాడికి నేర్పాను. మూడేళ్ళు థియోడలైట్ మీద డిగ్రీలు, నిమిషాలు చదివినవాణ్ణి నేను. కీటో నుంచి నైరోబీకి మా లెక్క దాదాపు యాభై ఎనిమిది కిలోమీటర్లు తక్కువ వచ్చింది, అంటే జనగామ నుంచి వరంగల్ దాకా ఉన్నంత దారి. సముద్రాల మీద పోయే విమానానికి ఇంధనం లెక్కగట్టాల్సిన పిల్లవాడు, మొదటి అంకె దగ్గరే నిమిషాలను దశాంశాలుగా చదివితే ఆ ముగ్గురు ఎందుకు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారో, ఎందుకు మళ్ళీ చెప్పమన్నారో నాకు ఆ కుర్చీలో కూర్చునే అర్థమైంది. మళ్ళీ చెప్పమనడం వాళ్ళు ఇచ్చిన రెండో అవకాశం. నా కాగితం వాడికి ఆ అవకాశం కూడా లేకుండా చేసింది.

వెంటనే చెప్పాలనుకున్నాను. నోట్‌బుక్‌లో ఒక పేజీ మధ్య గీత గీసి, చెప్పడానికి కారణాలు ఒక దిక్కు, చెప్పకుండా ఉండటానికి కారణాలు ఒక దిక్కు రాశాను. చెప్పడానికి మూడు వచ్చాయి. చెప్పకుండా ఉండటానికి తొమ్మిది వచ్చాయి. తొమ్మిదిలో ఎనిమిది వాడి మంచి కోసమే అన్నట్టు రాసుకున్నాను. తొమ్మిదోది ఒక్కటే నిజం: వాడు నన్ను వదిలేస్తాడేమోనని భయం.

ఆ నెలలోనే వాడి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. చెల్లెకు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ సీటు వచ్చిందని, పంపాలా వద్దా అని తండాలో మాట్లాడుకుంటున్నారని, నువ్వు చదువుకున్నవాడివి కాబట్టి రావాలని. ఇదే సమయం అనుకుని బయల్దేరాను. మహబూబాబాద్‌లో బస్సు దిగి గార్ల రైలు ఎక్కి, దారి పొడుగునా చెప్పాల్సిన మాటలను వరుస పెట్టుకున్నాను. తండాలో వాళ్ళింటి ముందు మంచాల మీద తండా పెద్ద, ఇంకో నలుగురు కూర్చున్నారు. చెల్లె గుంజకు ఆనుకుని నిలబడింది. పెద్దాయన పంపుదామనే అన్నాడు. అడ్డుపడ్డది నా దోస్తే. కోపంతో కాదు, ప్రేమతోనే అడ్డుపడ్డాడు.

"వద్దు కాకా. మీకు ఎరక లేదు. నేను పోయొచ్చిన. లెక్క వచ్చినా, అంకెలన్నీ నోటికొచ్చినా, మనం నోరు తెరిస్తె నవ్వుతరు. గా నవ్వు మల్లా ఎన్నేండ్లకూ చెవుల్లకెళ్ళి పోదు. నా చెల్లెను నవ్వులపాలు చెయ్య." అని అందరి ముందూ నా వైపు తిరిగాడు. "నమ్మకుంటె వీన్నడుగుండ్రి. గప్పుడు వీడు నాతోనే ఉన్నడు. అవునా కాదా చెప్పురా."

అందరూ నా వైపు చూశారు. చెల్లె కూడా చూసింది. వరుస పెట్టుకున్న మాటల్లో మొదటిది నాలుక చివర దాకా వచ్చింది. నేను తల ఊపాను.

చెల్లె సీటు వదులుకుని మహబూబాబాద్‌లో డిగ్రీలో చేరింది, రెండో ఏడు అది కూడా ఆగిపోయింది. ఇప్పుడు మరిపెడలో బస్టాండు దగ్గర జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం నడుపుకుంటున్నది. ఆ తర్వాత ప్రతి ఏడూ తీజ్ పండుగకు నా దోస్తు నన్ను తండాకు పిలిచేవాడు. ఆడపిల్లలు బుట్టల్లో పెంచిన గోధుమ మొలకల చుట్టూ ఆడిపాడటం అయిపోయాక, మగవాళ్ళం ఒకచోట కూర్చుంటే, ఎవరో ఒకరు హైదరాబాద్ కథ చెప్పమనేవారు. ఏడాదికేడాది కథ పెరిగింది. నవ్వినవాళ్ళు ఇద్దరు కాస్తా ఐదుగురయ్యారు, ఒకడు కుర్చీలోంచి కింద పడేంత నవ్వాడు, నా దోస్తు ఎదురు తిరిగి ఒక జవాబు కూడా ఇచ్చాడు. చివరికి ప్రతిసారీ "అవునా కాదా చెప్పురా" అనేవాడు. ప్రతిసారీ నేను తల ఊపాను. ఎన్నిసార్లో లెక్క నా దగ్గర ఉంది: ఎనిమిది.

ఈ ఏడు మిర్చి సీజన్‌లో చెప్పేశాను. పెద్ద ధైర్యమేమీ కాదు, మోసి మోసి భుజం పోయినవాడు మూట దించినట్టు. వాడు మహబూబాబాద్ యార్డుకు మిరపకాయల లోడు తెచ్చాడని తెలిసి పోయాను. యార్డులో ఘాటుకు అందరూ తుమ్ముతున్నారు, అందరి కళ్ళూ నీళ్ళు కారుతున్నాయి, ఎవరి కళ్ళ నీళ్ళను ఎవరూ పట్టించుకోరు. ఇద్దరం బస్తాల మీద కూర్చున్నాం.

"నీకొకటి చెప్పాలెరా," అన్నాను.

"పెండ్లి చేసుకుంటున్నవా ఏంది? గిప్పటికన్న?" అని నవ్వాడు.

చెప్పాను. జేబులో ఉన్న బస్సు టికెట్ వెనక 78.30 అని రాసి చూపించాను. వాడి చురుకు ఎక్కడికీ పోలేదు. నేను వివరించబోతుంటే చెయ్యెత్తి ఆపాడు. "సగం," అన్నాడు. "సగం గద అది. నిమిషాలు." టికెట్‌ను చాలాసేపు చూశాడు.

"ఎప్పుడు ఎరకైంది నీకు?"

"తొమ్మిదేండ్లాయె."

"చెల్లె సీటప్పుడు?"

"ఎరకే."

వాడు తిడతాడనుకున్నాను, కొడతాడని కూడా అనుకున్నాను. తిట్టినా కొట్టినా నాకు తేలికయ్యేది. వాడు కండువాతో ముఖం తుడుచుకుని, నేలవైపు చూస్తూ మెల్లగా అన్నాడు: "వాళ్ళ మీద కోపంతోని ఇన్నేండ్లు ఎల్లదీసిన. పంట పోయినా, ఒళ్ళు బాగలేకున్నా, వాళ్ళను తిట్టుకుంట లేసి పనికి పోయిన. ఇగ ఇప్పుడు గా కోపం ఎవల మీద పెట్టాలెరా? నీ మీద పెట్టనా? నాకున్నది నువ్వొక్కనివే గదరా." లేచి లోడు దగ్గరికి పోతూ, వెనక్కి తిరగకుండా, "చెల్లెకు నువ్వే చెప్పు. నా నోటితోని గాదు," అన్నాడు.

ఆ ఆదివారమే మరిపెడ పోయాను. దుకాణంలో మెషిన్ ఆగకుండా నడుస్తున్నది. చెల్లె ఎవరివో సర్టిఫికెట్లు జిరాక్సు తీస్తూనే అంతా విన్నది. మెషిన్ వెలుగు ఆమె ముఖం మీదుగా అటూ ఇటూ పోతున్నది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"అన్నా, నువ్వు తలకాయ ఊపిన్నాడు నీకు తెలుసా?"

"తెలుసు చెల్లె."

"నేను గా దినం మా అన్న దిక్కు చూడలే. నీ దిక్కే చూసిన. నువ్వన్న పంపుమంటవేమోనని." కాగితాలు సరిచేసి, ఎదురుగా నిలబడ్డ ఆయనకు ఇచ్చి, "ఇంకెవలియ్యి?" అని తర్వాతి మనిషి వైపు చెయ్యి చాపింది. నేను ఇంకాసేపు నిలబడ్డాను. ఆమె నన్ను పొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు.

నేను ఎక్కువగా ఆలోచించేది ఒక సంగతి. ఆ రోజుల్లో మా మాటకు నవ్వినవాళ్ళు నిజంగా ఉన్నారు, తండా పేరు వింటే తలుపు వేసుకున్నవాళ్ళు నిజంగా ఉన్నారు. అంత నిజం చుట్టూ ఉండబట్టే నా అబద్ధానికి దాక్కోవడానికి చోటు వెతుక్కోవలసిన పని పడలేదు. ఇప్పుడు కాలం మారిందంటారు, కొంత మారింది కూడా. మా మాటలే సినిమాల్లో హీరోలు మాట్లాడుతున్నారు, తండాకు తన పంచాయతీ వచ్చింది, అక్కడి ఆడపిల్లలు హైదరాబాద్ హాస్టళ్ళ నుంచి వీడియో కాల్‌లో వాళ్ళ భాషలోనే గట్టిగా మాట్లాడుతుంటారు, ఎవరు నవ్వుతారనే జంకు వాళ్ళ ముఖాల్లో నాకు కనపడలేదు. ఆ పిల్లలను చూస్తే సంతోషించాలి. నాకు మాత్రం గుంజకు ఆనుకుని నిలబడ్డ ఒక పిల్ల కనపడుతుంది.

ఈ ఏడు తీజ్‌కు పిలవడనుకున్నాను. పిలిచాడు. పోయాను. చెల్లె రాలేదు. అందరం ఎప్పటిలాగే కూర్చున్నాక, పెళ్ళయి ఆ తండాకు కొత్తగా వచ్చిన అల్లుడు ఒకడు, అందరి నోటా విన్నానని, ఆ హైదరాబాద్ సార్ల కథ చెప్పమని నా దోస్తును అడిగాడు. మిగతావాళ్ళు కూడా చెప్పు చెప్పు అని సర్దుకుని కూర్చున్నారు. వాడు నా వైపు చూడలేదు.

"ఎప్పటిదో అది. నాకు యాదికి లేదు పో," అన్నాడు.

వాళ్ళు కాసేపు బతిమాలి, తర్వాత మిరప తెగులు గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కథ ఉండాల్సిన చోట ఏమీ లేకుండా ఆ సాయంత్రం అలాగే గడిచిపోయింది. పన్నెండేళ్ళుగా వాడికి ఆసరాగా ఉన్న ఒకే ఒక్క కథను వాడు నా కోసం మరిచిపోయాడు. ఆ బాకీని లెక్కగట్టే సూత్రం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.